గంధరాజము - ఒక పేరు కథ

పెరటిలో గంధరాజము విచ్చిననాడు ఆ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. వీధి గుమ్మము దాటకమునుపే తెలిసిపోవును. పేరునుబట్టి చూచినచో ఇది అనాదిగా మన పూవే యనిపించును. కాని దీని పుట్టినిల్లు దక్షిణ చైనా, జపాను మొదలగు దేశములు. ఉదయమున మనము త్రాగు కాఫీకి ఇది దాయాది. మన తోటలలోని నూరువరహాలును, మచిలీపట్టణపు అద్దకములకు ఎఱుపునిచ్చిన సిరివేరును ఆ కుటుంబములోనివే.

చైనాలో దీని పూవుకంటె కాయకే గిరాకి. ఎండిన కాయను నానబెట్టినచో చక్కని పసుపురంగు దిగును. కుంకుమపువ్వునకు వన్నెనిచ్చు పదార్థమే ఇందును గలదని రసాయనజ్ఞులు కనుగొనిరి. క్రీస్తునకు పూర్వము సీమా చియెన్ అను చరిత్రకారుడు, ఈ కాయలును మంజిష్ఠయును వేయి మడులలో పండించువాడు వేయి కుటుంబముల నేలు ప్రభువుతో సమానుడని వ్రాసెను. ఆ మడులలోనిది ఒంటిరేకల జాతి. మన పెరళ్ళలోని ముద్దపూవునకు కేసరములు రేకులుగా మారిపోవుటచే కాయ పట్టదు.

ఐరోపావారికి మొదట మనసు దోచినది ఈ ముద్దపూవే. 1750 తరువాతి సంవత్సరములలో హచిన్సన్ అను ఓడ కెప్టెను ఆఫ్రికా దక్షిణపు కొననుండి ఒక పొదను ఇంగ్లండునకు తెచ్చి, రిచర్డ్ వార్నర్ అను ఉద్యాన ప్రియునకు ఇచ్చెను. చైనానుండి వచ్చు ఓడలు ఆ రేవున ఆగుట వాడుక. అట్లు చేరిన మొక్కయే కావచ్చును. పండితులు దానిని మల్లె యనుకొనిరి. ఇంగ్లీషువారు నేటికిని దానిని 'కేప్ మల్లె' యనుట ఆ పొరపాటు ఫలితమే. లండనులో మొక్కలమ్ము జేమ్స్ గోర్డన్ కొమ్మలు నాటి, వేళ్ళు పట్టించి, మంచి లాభము గడించెను.

ఆ పద్ధతి నేటికిని మాఱలేదు. వానకాలమున సగము ముదిరిన కొమ్మను త్రుంచి నాటినచో వేరూనును. నేల కొంచెము పులుపుగా నుండవలెను. సున్నము దీనికి పగ. వెల్లవేసిన గోడ మొదట నాటి, ఆకులు పచ్చబడుచున్నవని నీరు మఱింత పోసి, మేమును ఒక చెట్టును చంపుకొన్నవారమే. నీరు ఒకనాడు మిక్కుటము, ఒకనాడు శూన్యము అయినచో మొగ్గలు రాలును.

ఇది మల్లె కాదని గట్టిగా వాదించినవాడు జాన్ ఎల్లిస్ అను వర్తకుడు. మల్లెకు కేసరములు రెండు, దీనికి అయిదు లేక అంతకు మించి. కాయయు పూరేకులకు దిగువన ఏర్పడును. కొత్త జాతికి కొత్త పేరు కావలెను. అమెరికాలోని చార్లెస్టనులో వైద్యము చేయుచు, అచటి మొక్కలను, చేపలను ఐరోపా పండితులకు పంపుచుండిన అలెగ్జాండర్ గార్డెన్ ఎల్లిస్‌కు మిత్రుడు. జేన్ కోల్డెన్ అను విదుషి అంతకుముందే ఒక మొక్కకు ఆయన పేరు పెట్టగా, దానికి మఱియొక పేరు ముందే ఉన్నదని తేలెను. కరోలినా పొద ఒకదానికి పెట్టబోగా లిన్నేయసు వేఱుపేరు నిర్ణయించెను. ఈసారియు లిన్నేయసు సంకోచించెను: ఈ పూవును గార్డెన్ కనుగొనలేదు, స్నేహితులకు పేర్లు పంచిపెట్టుచున్నానని లోకులు అందురు అని. ఆ సంకోచము న్యాయమైనదే యని మా అభిప్రాయము. అయినను ఎల్లిస్ పట్టు విడువలేదు. 1760లో రాయల్ సొసైటీ ముందుంచిన వ్యాసముతో 'గార్డీనియా' పేరు నిలిచిపోయెను.

పేరు నిలిచినది గాని ఊరు నిలువలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున గార్డెన్ రాజుపక్షము వహించెను. ఆయన కుమారుడు తిరుగుబాటు సైన్యమున చేరెను. ఆస్తి జప్తు కాగా తండ్రి ఇంగ్లండునకు వెడలిపోయి, 1791లో లండనులో మరణించెను. కుమారుడు తన బిడ్డకు ఆ పూవు పేరే, గార్డీనియా అని పెట్టుకొనెనట. తాత మాత్రము ఆ పసిదానిని తన యింట అడుగిడనీయలేదని చెప్పుదురు.