కేబుల్ కథ: మేడమీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సు దాకా

1991 గల్ఫ్ యుద్ధ వార్తలతో మన దేశంలో ఉపగ్రహ ప్రసారాలపై మోజు పెరిగింది. స్వల్ప పెట్టుబడి గలవారు మేడమీద డిష్ యాంటెన్నా నిలబెట్టి, స్తంభాల వెంట వైర్లు లాగి, నెలనెలా చందా వసూలు చేసేవారు. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ప్రకారం వారు హెడ్ పోస్టాఫీసులో నమోదు కావలసి వచ్చింది. దూరదర్శన్‌ను తప్పక చూపాలి. ఆ ఏడే ఈటీవీ, జెమిని వచ్చి గిరాకీ పెంచాయి.

పే ఛానెళ్ళు పెరిగేకొద్దీ డీకోడర్ల ఖర్చు చిన్నవారికి భారమైంది. క్రమంగా హాత్‌వే వంటి పెద్ద సంస్థలు సిగ్నల్ ఇస్తే, ఊరి ఆపరేటరు వైర్లు, వసూళ్ళు చూసుకునే ఏర్పాటు స్థిరపడింది. సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి కాగా, పల్లెల్లో పాత పద్ధతికి 2017 మార్చి 31 ఆఖరి గడువైంది. 2018లో హాత్‌వే, డెన్ సంస్థల్లో అధిక వాటాల కొనుగోలును రిలయన్స్ ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోనూ ఇదే వరుస: మూడు కేబుల్ సంస్థలు 2008లో జిగ్గోగా ఒక్కటయ్యాయి.

పింఛనుదారులకు ముఖ్యం చందాయే. 2019 ఫిబ్రవరి నుంచి తొలి 100 ఛానెళ్ళకు పన్ను కాక 130 రూపాయలే గరిష్ఠ రుసుముగా ట్రాయ్ అమలుచేసింది. 2024లో ఆ పరిమితిని ఎత్తివేసింది.

ఖమ్మం పట్టణంలో వీధివీధికీ వైరు లాగవచ్చు. భద్రాచలం దాటి చింతూరు అడవి దారిలో, ఇళ్ళు దూరదూరంగా ఉన్న గూడేలకు అది గిట్టుబాటు కాదు. అటువంటి చోట్లకు 2004లో దూరదర్శన్ తెచ్చిన, నేడు డీడీ ఫ్రీ డిష్ అనే సేవ నెల చందా లేకుండా అందుతుంది. చందా కట్టేముందు మనం నిజంగా చూసే ఛానెళ్ళ లెక్క వేసుకుంటే పింఛనులో కొంత మిగులుతుంది.