టైగర్ మాత్ నుంచి హాక్ దాకా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేట ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూల్లో చేరిన కుర్రవాడికి ముందుగా పని నేర్చేది ఎడమ కాలు. అతను ఎక్కే విమానం టైగర్ మాత్. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు, 130 హార్స్‌పవర్ ఇంజిను. బ్రేకులు లేవు. తోక కింద చక్రం కూడా లేదు, నేలమీద రాసుకుంటూ పోయే స్కిడ్ ఒకటి ఉంటుంది. పైలట్ సీట్లో కూర్చుని చూస్తే దాని ప్రొపెల్లర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల థ్రాటిల్ ముందుకు తోయగానే ముక్కు కుడికి లాగేస్తుంది. ఎడమ రడ్డర్ తొక్కి పట్టుకోవాలి. కొన్ని వారాలు తొక్కగా తొక్కగా ఆ పని ఆలోచించకుండానే జరిగిపోతుంది.

అక్కడ నెగ్గినవాణ్ణి అంబాలా పంపేవారు. అక్కడ ఎదురయ్యేది అమెరికా వాళ్ల హార్వర్డ్. 600 హార్స్‌పవర్ ఇంజిను, గాల్లోకి లేచాక లోపలికి ముడుచుకునే చక్రాలు. దీని ప్రొపెల్లర్ రెండో వైపుకు తిరుగుతుంది, కాబట్టి ముక్కు ఎడమకు లాగుతుంది. నిన్నటిదాకా కాపాడిన ఎడమ కాలే ఇవాళ విమానాన్ని రన్‌వే పక్కకు ఈడుస్తుంది. కూర్చునే చోటు కూడా మారిపోతుంది. టైగర్ మాత్‌లో ఇన్‌స్ట్రక్టర్ ముందు, శిష్యుడు వెనక. హార్వర్డ్‌లో శిష్యుడు ముందు, గురువు వెనక. ఇన్నాళ్లూ ఎదురుగా కనబడిన గురువుగారి తల ఇప్పుడు కనబడదు.

విమానం మారడమంటే ఇదే. కొత్తవి నేర్చుకోవడం ఒక ఎత్తు, పాతవాటిలో కొన్నిటిని మరిచిపోవడం ఇంకో ఎత్తు. వైమానిక శిక్షణ చరిత్రలో పెద్ద నిర్ణయాలు చాలావరకు ఈ మార్పు చుట్టూనే తిరిగాయని నాకనిపిస్తుంది. ఎన్ని మెట్లు పెట్టాలి? మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సు వాళ్లు ఈ మెట్లను చాలా చిన్నవిగా కట్టారు. బ్లెరియో పద్ధతిలో గురువు పక్కన కూర్చునేవాడు కాదు. శిష్యుడికి ముందు రెక్కలు కత్తిరించిన విమానం ఇచ్చేవారు. దాని పేరు పెంగ్విన్, ఎందుకంటే అది ఎగరలేదు. దానితో నేలమీద తిన్నగా పరిగెత్తడం వస్తే, కాస్త పైకి లేచే విమానం. అదీ వస్తే అసలు విమానం. 1917లో ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ ఇంకో దారి పట్టాడు. రెండు సీట్ల ఆవ్రో 504లో శిష్యుణ్ణి కూర్చోబెట్టి, మాట్లాడుకోవడానికి గొట్టం అమర్చి, ఏ పరిస్థితిని చూసి అందరూ భయపడతారో దానిలోకే విమానాన్ని తీసుకెళ్లి బయటపడటం నేర్పించాడు. ఆ గొట్టానికి గాస్‌పోర్ట్ ట్యూబ్ అని పేరు నిలిచిపోయింది. బేగంపేట టైగర్ మాత్‌లో గురువుగారి కేకలు శిష్యుడి చెవిలో పడింది ఆ గొట్టంలోంచే.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి మెట్టును మనమే కట్టుకున్నాం. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వి.ఎం. ఘాట్గే బృందం తయారుచేసిన హెచ్‌టి-2 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. మనదేశంలో రూపకల్పన జరిగి పెద్ద సంఖ్యలో తయారైన మొదటి ఇంజిను విమానం అదే. ఫైటర్ జోలికి పోకుండా శిక్షణ విమానంతో మొదలుపెట్టడం ఎంతో తెలివైన పని. హెచ్‌టి-2 మీద ఓనమాలు, ఆ తర్వాత హార్వర్డ్, ఫైటర్ పైలట్లయ్యేవారికి హకీంపేటలో వాంపైర్ జెట్. చాలా ఏళ్లు ఇదే వరస.

జెట్లు వచ్చాక మెట్ల లెక్క మారింది. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తోస్తే ఆ గాలి వెంటనే రెక్కల మీదుగా పారుతుంది, విమానం అప్పటికప్పుడు పలుకుతుంది. ఆనాటి జెట్‌లో థ్రాటిల్ తోశాక ఇంజిను పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పట్టేది. రన్‌వే ముందు కిందికి జారిపోతున్నప్పుడు ఆ కొన్ని సెకన్లే ప్రాణం. కాబట్టి జెట్ పైలట్ ముందే ఆలోచించాలి. అలాంటప్పుడు మొదటిరోజు నుంచీ జెట్‌లోనే ఎందుకు నేర్పకూడదు? ఈ ప్రశ్నతో బ్రిటన్ జెట్ ప్రోవోస్ట్‌ను తెచ్చింది. 1961లో అమెరికా వైమానిక దళం కూడా మొదటి పాఠం నుంచీ జెట్ మీదే మొదలుపెట్టింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1965లో, సెస్నా 172ను టి-41 అన్న పేరుతో తెచ్చి ముందు పెట్టుకోవాల్సి వచ్చింది. ఎగరడం చేతకానివాళ్ల సంగతి ఖరీదైన జెట్ మీద తేలడం కంటే చిన్న విమానం మీద తేలడమే మేలని అనుభవం చెప్పింది.

మనవాళ్లు మొదటి మెట్టు తీసెయ్యలేదు. దాని తర్వాత సొంత జెట్‌ను నిలబెట్టారు. కిరణ్ 1964 సెప్టెంబర్ 4న సురంజన్ దాస్ చేతుల్లో తొలిసారి ఎగిరింది. గురుశిష్యులు పక్కపక్కన కూర్చునే విమానం అది. శిష్యుడి చెయ్యి వణికినా, చూపు ఎటు పోయినా గురువుకు తెలిసిపోతుంది. 1971లో దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మొదలయ్యాక హైదరాబాద్ ఉత్తరాన ఆకాశమంతా కిరణ్‌దే అయింది. 1975 నుంచి పోలండు ఇస్క్రా దానికి తోడైంది.

ఆ పైన మెట్టు లేదు. ఉన్నది మిగ్-21.

కిరణ్, ఇస్క్రా దిగిన కుర్రవాడు తేజ్‌పూర్ వెళ్లి, ధ్వనిని మించి పోయే, గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో నేల తాకే విమానం ఎక్కేవాడు. ఇన్నాళ్లూ నాట్లలో చదివిన వేగం అక్కడ కిలోమీటర్లలో, అడుగుల్లో చదివిన ఎత్తు మీటర్లలో కనిపిస్తుంది. రెండు సీట్ల మిగ్‌లో వెనక కూర్చున్న గురువుకు ముందు సరిగా కనబడక, దిగేటప్పుడు పెరిస్కోప్ అద్దంలో చూడాల్సి వచ్చేది. 1982లో ఎయిర్ మార్షల్ లా ఫాంటేన్ కమిటీ ప్రమాదాలను పరిశీలించి, మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని తేల్చింది. ఆ ట్రైనర్‌గా ఎంచుకున్న హాక్ ఒప్పందం మీద సంతకాలు పడింది 2004 మార్చిలో. బీదర్‌లో అది దళంలో చేరింది 2008 ఫిబ్రవరిలో. ఇరవై ఆరేళ్లు! ప్రమాదాలన్నిటికీ ఆ ఒక్క లోపమే కారణమని అనను. యంత్రాలకూ, నిర్వహణకూ అందులో వాటా ఉంది. కానీ ఏ మెట్టు లేదో కాగితం మీద స్పష్టంగా రాసుకుని కూడా, ఇరవై రెండేళ్లు నిండని పిల్లల్ని ఏటేటా ఆ ఖాళీ మీదుగా దూకించాం. ఇది క్షమించరాని ఆలస్యం.

పై మెట్టు కుదిరిన మరుసటి ఏడే అడుగు మెట్టు విరిగింది. 1977లో తొలిసారి ఎగిరిన హెచ్‌పిటి-32 దీపక్ అప్పటికి కాడెట్ల మొదటి విమానం. అందులో ఇజెక్షన్ సీటు లేదు. 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయారు. నేర్పేవాళ్లకే అది లొంగలేదంటే నేర్చుకునేవాళ్లకు ఎలా ఇవ్వగలరు? దీపక్‌లన్నిటినీ నేలమీద ఆపేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు కాడెట్లు తొలి పాఠమే కిరణ్ జెట్ మీద చదువుకున్నారు. అమెరికా 1961లో కోరి చేసిన పని మనం గత్యంతరం లేక చేశాం.

2013 మే 31న స్విట్జర్లండ్ పిలాటస్ పీసీ-7 దుండిగల్‌లో దళంలోకి వచ్చింది. 75 విమానాలు. ఇందులో ఉన్నది టర్బోప్రాప్ ఇంజిను, అంటే జెట్ తరహా ఇంజినుకు ప్రొపెల్లర్ బిగించినట్టు. సీట్లు ఒకదాని వెనక ఒకటి, రెండూ ఇజెక్షన్ సీట్లే. 260 హార్స్‌పవర్ దీపక్ ఉన్నచోట 700 హార్స్‌పవర్ బండి. మొదటి మెట్టు మరీ ఎత్తయిందేమో అనిపించవచ్చు. నా లెక్కలో కాలేదు. బలమున్నా మాట వినే విమానం అది, పై మెట్టు అలవాట్లను కిందే నేర్పుతుంది. ఏ విమానమూ ప్రమాదానికి అతీతం కాదు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి గురువు, శిష్యుడు ఇద్దరూ పోయారు.

ఇప్పుడు పిలాటస్ పక్కన నిలబడటానికి మన హెచ్‌టిటి-40 వస్తోంది. 2016 మే 31న అది తొలిసారి ఎగిరింది. 70 విమానాల కొనుగోలుకు 2023 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 1951లో హెచ్‌టి-2తో మొదలైన పనికి ఇది కొనసాగింపు కాబట్టి సంతోషించాల్సిందే. కానీ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి మెట్టుకూ హాక్‌కూ నడుమ నిలబడుతూ వచ్చినది అరవై ఏళ్ల కిందటి డిజైనైన కిరణ్. దాని స్థానంలోకి రావాల్సిన సితార 2003 మార్చిలో మొదటిసారి ఎగిరింది. రెండు దశాబ్దాలు దాటినా కాడెట్ల చేతికి అందలేదు.