గోబీ జాతి మొక్కలు: పురుగులు, ఆకు తెగుళ్లు

నల్లమల అంచున ఉన్న లింగాల, నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. బ్రసెల్స్ స్ప్రౌట్స్‌కు నెలల తరబడి 15–18 డిగ్రీల చల్లదనం కావాలి కాబట్టి ఇక్కడి వాతావరణం దానికి అనువు కాదు. చలికాలపు పెరళ్లకు దాని తోబుట్టువులైన గోబిగడ్డ (క్యాబేజీ), గోబిపువ్వు (కాలీఫ్లవర్) నప్పుతాయి. ఇవన్నీ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతి మొక్కలు. వాటిని పట్టే పురుగులు, తెగుళ్లు కూడా దాదాపు ఒకటే.

ఆకుకు చిల్లు కనబడగానే మందు కొట్టడం సరైన పద్ధతి కాదు. ముందు ఆకు తిప్పి అడుగుభాగం చూడాలి.

అన్నిటికన్నా మొండిది డైమండ్ రెక్కల పురుగు. పిల్ల పురుగు ఆకు అడుగును గీకి తిని, పైపొరను పలుచని అద్దంలా వదిలేస్తుంది. లేత పచ్చరంగులో, రెండు కొనలా సన్నగా ఉంటుంది. తాకితే గిలగిలా కొట్టుకుని సన్నని దారంతో కిందికి వేలాడుతుంది. ఈ లక్షణం చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పెద్ద రెక్కపురుగు రెక్కలు ముడిచినప్పుడు వీపున తెల్లని డైమండ్ గుర్తులు వరుసగా కనిపిస్తాయి. జావాలో ఇది డీడీటీని తట్టుకుంటోందని 1953లోనే నమోదైంది. ఆ తర్వాత ఎన్నో మందులకు లొంగకుండా పోయింది. అందుకే ఒకే మందును పదేపదే కొట్టడం హానికరం. పొలంలో 25 వరుసల గోబీకి 2 వరుసల ఆవాలు ఎరపంటగా వేస్తారు. పెరట్లో గట్టు వెంట ఒక వరుస ఆవాలు చల్లుకోవచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా చల్లాలి.

ఆకు జల్లెడలా మారి, పిల్ల పురుగులు గుంపుగా ఉంటే అది పొగాకు లద్దెపురుగు. వేరుశనగనూ తింటుంది గనుక ఆ చేల పక్కనున్న పెరళ్లలో మరింత జాగ్రత్త అవసరం. గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనబడిన ఆకును తుంచి నాశనం చేస్తే చాలావరకు బెడద తప్పుతుంది.

ఆకులు ముడుచుకుని, బూడిద చల్లినట్టుంటే బూజు అనుకుంటారు. చాలాసార్లు అది మైనపు పొడి కప్పుకున్న పేనుబంక. నీటిధారతో కొడితే రాలిపోతుంది. అక్కడ అక్షింతల పురుగులు తిరుగుతుంటే వాటిని చంపకూడదు, అవి పేనుబంకను తింటాయి.

కింది ముదురు ఆకులు ఒకటి రెండు పసుపెక్కి రాలడం సహజం. ఆకు అంచు నుంచి లోపలికి ఇంగ్లిష్ 'వి' అక్షరంలా పసుపు మచ్చ దిగి, ఈనెలు నల్లబడితే మాత్రం నల్లకుళ్లు తెగులు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది, పురుగుమందు పనిచేయదు. విత్తనంతోనూ వస్తుంది కాబట్టి గోబిగడ్డ గింజలను 50 డిగ్రీల వేడినీటిలో 25 నిమిషాలు ఉంచి ఆరబెట్టి నారు పోస్తారు. తెగులు సోకిన మొక్కను వేరుతో పీకేయాలి. ఆ మడిలో రెండు మూడేళ్లు గోబీతో పాటు ముల్లంగి, ఆవాలు కూడా వేయకూడదు.