ఒక పేరు, మూడు ఇంటిపేర్లు: చరిత్ర పత్రాలలో సుబ్బారావులు

తెలుగువారిలో ఒకే పేరు గలవారిని వేరుపరచేది ఇంటిపేరు. ఆంగ్ల పత్రాలలో అది ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయినప్పుడు పరిశోధకునికి చిక్కు మొదలవుతుంది. కల్లూరు సుబ్బారావు, కోకా సుబ్బారావు ఇరువురూ అక్కడ ‘కె. సుబ్బారావు’లే. మొదటివారు అనంతపురం జిల్లా స్వాతంత్ర్య సమరయోధులు. రెండవవారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియై, మరుసటి ఏడు గోలక్‌నాథ్ తీర్పు వెలువరించినవారు.

విజ్ఞానశాస్త్రంలో పొడి అక్షరం కూడ మిగలలేదు. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ విధానం ‘ఫిస్క్–సుబ్బారో’ పద్ధతిగా ప్రసిద్ధం. పాశ్చాత్యులు చివరి పదాన్నే వంశనామంగా గ్రహిస్తారు గదా! ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి పెట్టిన ‘సుబ్బారోమైసిస్’ అన్న పేరులోనూ యల్లాప్రగడకు చోటు లేదు. అయినా ఆయన గుర్తింపుకు లోటు రాలేదు.

నష్టపోగలవారు కల్లూరివారే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహంలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం ఉండాలన్నది అందులోని షరతు. కరవు పీఠభూమికి ఇంతకు మించిన పత్రం అరుదు. ఆ సంవత్సరాలలో కోకావారు సైతం మద్రాసులోనే న్యాయవాద వృత్తిలో ఉన్నారు. కనుక స్థలకాలాలు కలిసినంత మాత్రాన ‘కె’ ఎవరో తేలదు. సూచిక కూర్చేవారు కల్లూరు అన్న ఇంటిపేరును పూర్తిగా రాయవలసిందే.