కంటికందని వెలుగులో తిరుత్తణి

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదిలోని దినములకు సరిగా అన్నే మెట్లని పెద్దలు చెబుతారు. ఎండాకాలపు పగటివేళ ఆ మెట్లెక్కి ఉత్తరదిశగా చూస్తే నగరి కొండలు మసకలో కరిగిపోయినట్లు తోస్తాయి. అక్కడే నిలబడి, పరారుణ కిరణములను మాత్రమే గ్రహించేటట్లు మార్పించిన డిజిటల్ కెమెరాతో నేను తీసిన చిత్రంలో ఆ కొండల అంచులు తేటగా కనిపించాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నగరి ఆంధ్రలో నిలిచింది. చిత్రంలో మాత్రం రెండూ ఒకే నేల.

ఈ వెలుగును మొదట గుర్తించినవారు విలియం హెర్షెల్. 1800లో ఆయన సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల ఉష్ణమాపకాన్ని ఉంచగా, వెలుగే లేదనిపించే ఆ చోట వేడి మరింత హెచ్చింది. 1910లో రాబర్ట్ వుడ్ పరారుణ ఛాయాచిత్రాలను ప్రకటించారు. వాటిలో ఆకాశం నల్లన, చెట్లు మంచు కురిసినట్లు తెల్లన. ఆకులోని పత్రహరితం ఈ కిరణములను పీల్చుకొనదు. లోపలి కణములూ వాటి నడుమ గాలి ఖాళీలూ కలిసి వాటిని వెనుకకు మళ్లిస్తాయి. ఆకు ఎండితే ఆ తెలుపు తగ్గుతుంది.

ఇది కేవలం వినోదం కాదని మన దేశంలో నిరూపించినవారు పిషారొటీ గారు. 1970 ప్రాంతంలో కేరళ కొబ్బరితోటలను హెలికాప్టరు నుండి పరారుణ ఫిలింపై చిత్రించి, తెగులు సోకిన చెట్లను గుర్తించారు. భారతదేశపు దూరగ్రహణ విద్యకు అదే నాంది. 1988లో ఎగసిన ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహపు కెమెరాలలోనూ పరారుణ పట్టీ ఉన్నది.

నేడు ఇందుకు ఉపగ్రహం అక్కరలేదు. డిజిటల్ కెమెరాలోని సిలికాన్ ఫలకానికి పరారుణ దృష్టి సహజంగానే కలదు. రంగులు చెడకుండా తయారీదారులు దానిపై ఒక వడపోత గాజును అమరుస్తారు. దానిని తొలగించి, 720 నానోమీటర్లకు పైబడిన కాంతిని మాత్రమే పోనిచ్చే గాజును పెట్టించాలి. ఆ తరువాత ఆ కెమెరా పెళ్లి ఫొటోలకు పనికిరాదు. మా ఇంట ఇందుకు నాలుగు మాటలు పడ్డాను.

తిరువళ్లూరు దగ్గరి పూండి జలాశయం 1944 నాటిది. తెలుగుగంగ ద్వారా కృష్ణాజలం చేరేది అక్కడికే. నీరు పరారుణాన్ని మింగివేస్తుంది గనుక చిత్రంలో పూండి కాటుక వలె నల్లగా వచ్చింది. అదే ఆశతో మా ఊరి చెరువును తీశాను. నలుపు కట్ట వెంబడి సన్నని చార మాత్రమే, తక్కినదంతా తెలుపు. పంట కాబోలనుకొన్నాను. ఈ కెమెరా వరికీ తుమ్మకూ భేదం చూపదు. కట్ట దిగి వెళ్లి చూస్తే, మేము ఈత నేర్చిన చోట సర్కారు తుమ్మ తలకెత్తుగా పెరిగి ఉన్నది.