చుట్టుతోవ పొగబండి

ఊరు చేరడానికి రైలు ఎక్కేవారు లోకంలో ఎక్కువ. రైలు కోసమే రైలు ఎక్కేవారు తక్కువ. ఈ రెండవ రకం వారు దగ్గర దారి ఉన్నా దానిని వదలి, ఒక రోజంతా అదనంగా తిరిగి, తమకు ఇష్టమైన బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటారు. చూసేవారికి ఇది పిచ్చిగా కనబడుతుంది. మా వారు నలభై ఏళ్ళుగా ఆ మాటే అంటున్నారు. నేను ఈ రెండవ రకం మనిషిని. మన మలేషియాలో ఇటువంటి వారిని చుట్టు తిప్పే రైలు ఏదని అడిగితే, గెమాస్ నుండి తుంపాట్ వరకు పోయే తూర్పు తీరపు రైలనే చెప్పాలి. ‘అడవి రైలు’ అని దానికి ముద్దుపేరు. పేరుకు తూర్పు తీరమే గాని, చివరి మజిలీ వరకు సముద్రం దరిదాపులకు పోదు.

నా చిన్నతనంలో మా తాతగారి తరం వారు రైలును ‘పొగబండి’ అనేవారు. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్పిన మాస్టారు ‘ధూమశకటము’ అని వ్రాయించారు. నాకు మార్కులు వచ్చింది రెండవ మాటకు. నచ్చింది మొదటి మాట.

దేశపటం ఒకసారి చూడండి. కువాలా లంపూర్ నుండి కెలంతాన్ లోని కోతాబారు ఈశాన్య దిక్కున ఉంది. రైలులో వెళ్ళదలచినవారు ముందు ఆగ్నేయంగా గెమాస్ వరకు దిగి, అక్కడ బండి మారి, మళ్ళీ ఉత్తరంగా 500 కిలోమీటర్లకు పైగా ఎక్కాలి. అంత చేసినా కోతాబారులో స్టేషను లేదు. నదికి ఇవతల వకాఫ్ బారులో దిగి టాక్సీ మాట్లాడుకోవాలి. ముక్కు ఎక్కడ అంటే తల చుట్టూ చేయి తిప్పి చూపినట్లు ఉంటుంది ఈ ప్రయాణం.

మన దేశపు మొదటి రైలు మార్గాలు ఇలా చుట్టు తిరిగేవి కావు. 1885 జూన్ 1న తైపింగ్ నుండి పోర్ట్ వెల్డ్ వరకు ఎనిమిది మైళ్ళ మార్గం తెరిచారు. 1886లో కువాలా లంపూర్ నుండి క్లాంగ్ వైపు, 1893లో తాపా రోడ్ నుండి తెలుక్ ఆన్సన్ వరకు బండ్లు నడిచాయి. తగరం గని నుండి రేవుకు తిన్నగా పోవడమే వాటి పని. తరువాత వీటిని కలుపుతూ పెద్ద మార్గం వేశారు. 1909కి అది జోహోర్ బారుకు, 1918కి సయాం సరిహద్దులోని పాడాంగ్ బెసార్ కు చేరింది. ఆ చిన్న మార్గాలలో చాలా భాగం ఇప్పుడు లేవు. పోర్ట్ వెల్డ్ లో టికెట్ల కిటికీ, పేరు పలక మిగిలాయి. మన తెలుగువారు ఎక్కువగా కొబ్బరి తోటలలో స్థిరపడిన బాగన్ దాతో ప్రాంతానికి దగ్గర స్టేషను తెలుక్ ఆన్సన్. 1982లో ఆ ఊరి పేరు తెలుక్ ఇంతాన్ అయింది, ఆ దశకంలోనే బండి కూడా ఆగిపోయింది.

అడవి రైలు కథ వేరు. పహాంగ్, కెలంతాన్ లోపలి ప్రాంతాలకు ఆ రోజులలో నదులే రోడ్లు. గెమాస్ వైపు నుండి 1910లో బాహావు వరకు పట్టాలు వేశారు. కెలంతాన్ లో తుంపాట్ వైపు నుండి 1914లో బండి నడిచింది. మధ్యనున్న అడవి, సున్నపురాతి కొండలు, వాగులు, మలేరియా జ్వరం, ఒకదాని తరువాత ఒకటి పనిని ఆపుతూ వచ్చాయి. కెలంతాన్ నదిపై గిలెమార్డ్ వంతెన 1925లో తెరిచారు. రెండు వైపుల పట్టాలూ కలిసి గెమాస్ నుండి తుంపాట్ వరకు బండి నడిచింది 1931 సెప్టెంబరులో. మొదలుపెట్టిన నాటి యువకులకు అప్పటికి తల నెరిసి ఉంటుంది. పాఠ్యపుస్తకాలలో ఈ మార్గానికి రెండు పంక్తులు ఇస్తారు. ముప్పై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదానిని, నేను మాత్రం ఒక పూర్తి పీరియడు ఇచ్చేదానిని.

1980లలో నాకు కెలంతాన్ లో ఒక బడికి బదిలీ అయింది. 1982లో తూర్పు పడమర హైవే తెరిచినందువల్ల తోటి టీచర్లు సెలవులకు బస్సులో గెరిక్ మీదుగా పెరాక్ కు సులువుగా వచ్చేవారు. నేను వకాఫ్ బారులో రైలు ఎక్కి, గెమాస్ దాకా దిగి, అక్కడి నుండి పెద్ద మార్గంలో మళ్ళీ ఉత్తరానికి వచ్చేదానిని. ఇంటివారికి బండి ఆలస్యమైందని చెబితే సరిపోయేది, ఎందుకంటే అది ఎప్పుడూ నిజమే.

ఆలస్యానికి కారణం ఉంది. ఇది ఒంటి పట్టాల మార్గం. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి స్టేషనులో పక్క పట్టాల మీదికి తప్పుకుని నిలబడాలి. రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా ‘టోకెను’ అనే ఏర్పాటు ఉండేది. రెండు స్టేషన్ల మధ్య భాగానికి ఒకేసారి ఒకే టోకెను బయటికి వచ్చేటట్లు రెండు వైపుల యంత్రాలను విద్యుత్తుతో ముడిపెడతారు. పెద్ద కడియానికి తగిలించిన తోలు సంచిలో ఆ టోకెను పెట్టి స్టేషను మాస్టరు డ్రైవరుకు అందిస్తాడు. అది చేతిలో లేకుండా బండి కదలకూడదు. నడిచే బండిలోనుండి చేయి చాచి డ్రైవరు ఆ కడియం అందుకోవడం చూడడానికే నేను ముందు పెట్టెలో కూర్చునేదానిని.

ఆ పెట్టెల కిటికీలు తెరుచుకునేవి, తలుపులు మూసేవారు కారు. దాబోంగ్, కెముబు వంటి చోట్ల రైలే రోడ్డు. బడి పిల్లలు, రంబుతాన్ బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు, రబ్బరు రేకులు మోసేవారు, అడవిలోని ఒరాంగ్ అస్లీ కుటుంబాలు ఎక్కి దిగుతూ ఉండేవారు. 1955 దాకా పహాంగ్ కు రాజధానిగా ఉన్న కువాలా లిపిస్ లో టీ త్రాగేందుకు సమయం దొరికేది. గువా ముసాంగ్ వద్ద స్టేషను మీదికే వంగినట్లు సున్నపురాతి కొండ నిలబడి ఉంటుంది. ఆ పేరుకు ‘పునుగుపిల్లి గుహ’ అని అర్థం.

రైలు ప్రయాణాలకు పేరుపడిన అమెరికా రచయిత పాల్ థెరూ 1975లో ప్రచురించిన పుస్తకంలో మన దేశపు బండ్లకు రెండు అధ్యాయాలు ఇచ్చాడు. ఆయన కువాలా లంపూర్ నుండి తిన్నగా సింగపూరు పోయాడు. రైలు కోసమే ఇల్లు విడిచిన మనిషి గెమాస్ లో ఎందుకు దిగలేదో! 1993 నుండి సింగపూరు బ్యాంకాకుల మధ్య ధనవంతుల విలాస రైలు కూడా వచ్చింది. దాని టికెట్టు డబ్బుతో నేను జీవితాంతం మా బండిలో తిరగవచ్చు.

ఇదంతా సరదా. ఇక సరదా కాని సంగతి.

మా మామ్మ రైలు ఎక్కేది కాదు. నేను టీచర్ల కాలేజీలో చదివే రోజులలో, సెలవులకు ఊరకే రైలు ఎక్కి తిరుగుతున్నానని తెలిసి, “పనేటీ లేకుండా రైలెక్కడమేటే, గుంటా?” అని అడిగింది. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. మా తాతగారిని 1943లో తాపా రోడ్ స్టేషనులో గూడ్సు పెట్టెలో ఎక్కించారు. మూడు నెలల పని, రోజుకు ఒక డాలరు కూలి అన్నారు. అది సయాం మరణ రైల్వే. ఆయన తిరిగి రాలేదు. మా నాన్నగారికి అప్పుడు పదమూడేళ్ళు.

సయాం నుండి బర్మాకు 415 కిలోమీటర్ల ఆ మార్గాన్ని జపాను సైన్యం 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరులో ముగించింది. మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు సుమారు 60,000 మంది పనిచేయగా 12,000 మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల సంఖ్య 1,80,000కు పైన అని, వారిలో చనిపోయినవారు సుమారు 90,000 అని అంచనా. మలయా తోటల నుండి తమిళులతోబాటు మన తెలుగువారినీ తీసుకుపోయారు. ఆ మార్గానికి పట్టాలు కావలసివచ్చి మన అడవి రైలు పట్టాలను చాలా పొడుగునా పీకి అక్కడికి చేరవేశారు. తంపిన్ నుండి మలక్కాకు పోయే పట్టాలను కూడా పీకారు, వాటిని మళ్ళీ వేయలేదు. గిలెమార్డ్ వంతెనను అంతకు ముందే 1941లో వెనుదిరుగుతున్న బ్రిటిషు సైన్యం పేల్చివేసింది. యుద్ధం తరువాత అడవి రైలును ముక్కలు ముక్కలుగా బాగుచేసి, 1953కి గాని మళ్ళీ పూర్తిగా నడపలేకపోయారు. మా తాతగారిని, నాకు ఇష్టమైన రైలు పట్టాలను ఒకే చోటికి తీసుకుపోయారన్న సంగతి నేను టీచరునైన తరువాత పుస్తకాలలో చదివి తెలుసుకున్నాను. మామ్మకు చెప్పలేదు.

సయాం మార్గంలో థాయిలాండు వైపు భాగం ఇప్పటికీ ఉంది. థాయి రైల్వే వారు దానిని బాగుచేసి 1958కి నామ్ తోక్ వరకు తెరిచారు. కాంచనబురి వద్ద ఉన్న వంతెన ఇనుప కమానులు జావా నుండి తెచ్చినవి. 1957 నాటి సినిమా వల్ల ఆ వంతెనకు లోకమంతా పేరు వచ్చింది. సినిమా తీసింది సింహళంలో. అందులో మన తోటల మనుషులు కనబడరు. ప్రపంచం నలుమూలల నుండి జనం దారి మళ్ళించుకుని వచ్చి ఆ బండి ఎక్కుతారు. అంటే వారంతా నావంటివారే.

2016లో నేనూ వెళ్ళాను. బ్యాంకాకులోని థోన్ బురి స్టేషనులో మూడవ తరగతి బండి ఎక్కాను. చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు. అచ్చం మా పాత బండే. కాంచనబురిలో ఫొటోలు తీసేవారు గుంపుగా ఎక్కారు. వాంగ్ ఫో దగ్గర కొండ అంచును పట్టుకుని, నది మీదికి వ్రేలాడినట్లున్న కొయ్య వంతెనపై బండి నడక వేగంతో పోయింది. కింద నది పచ్చగా మెరుస్తోంది. నాకు సంతోషం కలిగింది. కలగలేదని వ్రాస్తే అబద్ధమవుతుంది. పక్కనున్న పెద్దాయన చీపురుకట్టల మోపు కాళ్ళ మధ్య పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ దారి ఆయనకు సంతకు పోయే దారి. అక్కడ సరదాగా రైలెక్కడం తప్పు అని కొందరు అంటారు. నేను అలా అనను. కాని కాంచనబురి శ్మశానంలో దాదాపు ఏడు వేల సైనికుల సమాధులు వరుసలుగా, చాలావాటిపై పేర్లతో సహా ఉన్నాయి. వాటిలో మా తాతగారి పేరు వెతకడానికి కూడా వీలులేదు, అది సైనికుల చోటు. కూలీల పేర్లు అలా చెక్కినవారు లేరు. ఆయన పేరు వ్రాసిన కాగితం ఒకటి తీసుకువెళ్ళాను. నామ్ తోక్ లో దిగి, పట్టాలు ఆగిపోయే చోట రాయి కింద పెట్టి వచ్చాను.

తాతగారిది టెక్కలి దగ్గర పల్లె. 1998లో బంధువులను వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు, పక్కనే నౌపడా స్టేషనులో ఒక బుల్లి రైలు నిలబడి ఉంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. పర్లాకిమిడి రాజావారు వేయించగా 1900లో నడిచిన మార్గం. దానిని గుణుపూరు దాకా పొడిగించింది 1931లోనే. మా అడవి రైలు పూర్తయిన సంవత్సరమూ అదే. చుట్టాలు భోజనానికి ఎదురుచూస్తూ ఉండగా నేను పర్లాకిమిడి దాకా పోయి వచ్చాను. నా అన్నం చల్లారిపోయింది, మా పెద్దమ్మగారికి కోపం వచ్చింది. ఆ బండిని 2004లో ఆపి, 2011కి గుణుపూరు వరకు బ్రాడ్ గేజిగా మార్చారు. ఇప్పుడు దాని కోసం వెళ్ళినా దొరకదు. అన్నం మాత్రం మళ్ళీ వండుకోవచ్చు.

అడవి రైలు కూడా మారింది. 2014 డిసెంబరు వరదలలో కెముబు వంతెన కొట్టుకుపోయింది. కొత్త వంతెనకు సుమారు నాలుగేళ్ళు పట్టింది. 2021లో చల్లని గాలి యంత్రాలతో కొత్త డీజిలు బండ్లు వచ్చాయి. ఎండా, దుమ్మూ లేవు, ముసలివారికి సుఖం. గాలికి వచ్చే అడవి వాసన కూడా లేదు, కిటికీ తెరుచుకోదు గనుక. తూర్పు తీరానికి వేగంగా పోయే వేరొక మార్గానికి 2017లో పని మొదలైంది. అది గెమాస్ చుట్టు తిరగదు.

వెళ్ళదలచినవారు పగటి బండినే ఎంచుకోండి. రాత్రి బండిలో పడక సుఖమే గాని అడవి కనబడదు. దారిలో బండి మారవలసి వస్తే కువాలా లిపిస్ లో ఒక రాత్రి ఉండండి, ఊరు చూడదగినది. పులిహోర కట్టుకుని వెళ్ళండి. పొద్దున కలిపినది గువా ముసాంగ్ చేరేవరకు పాడవదు, నేను చూశాను.