ఆరు చుక్కల నుంచి మాట్లాడే ఫోన్ దాకా



మన గూడేల్లో చూపు లేని పిల్లాడుంటే ఏమంటాం? "పాపం, వాడికి చదువెక్కడిది, ఇంటి దగ్గరే ఉండనీ" అంటాం. ఆ మాట ఎంత తప్పో చెప్పే 200 ఏళ్ల చరిత్ర ఉంది. పొడుగు పోస్టే, కానీ చివరిదాకా చదవండి.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి తోలు పని చేసేవాడు. మూడేళ్లప్పుడు తండ్రి పనిముట్టుతో ఆడుతుంటే అది కంట్లో గుచ్చుకుంది. చీము రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. పదేళ్లకు పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. అక్కడ మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి వేళ్లతో తడమమనేవాళ్లు. చదవడం చాలా నిదానం, రాయడమైతే కుదిరేదే కాదు. సైన్యంలో పనిచేసిన బార్బియే అనే ఆయన 12 చుక్కల రాత ఒకటి తయారుచేశాడు. అది వేలి కొనకు ఒకేసారి అందదు. బ్రెయిలీ దాన్ని 6 చుక్కలకు తగ్గించి కొత్త లిపి కట్టాడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు.

పిల్లలు ఇష్టంగా నేర్చుకున్నారు. పెద్దలే ఒప్పుకోలేదు. చూపున్నవాళ్లకు తెలియని లిపి ఎందుకన్నారు. 1852లో బ్రెయిలీ చనిపోయాడు. ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఒప్పుకుంది 1854లో. "మీకేం కావాలో మాకు తెలుసు" అనే మాట ఆదివాసులకు కొత్త కాదు కదా!

మన దేశంలో మొదట్లో ఒక్కోచోట ఒక్కో రకం బ్రెయిలీ నడిచింది. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిలీ వచ్చింది. అందులో తెలుగు 'క'కీ హిందీ 'క'కీ అవే చుక్కలు. కానీ బ్రెయిలీ పుస్తకాలు లావు, ఖర్చు ఎక్కువ. కాలేజీ పుస్తకాలన్నీ అలా దొరకడం కష్టం.

ఆ కష్టాన్ని చాలావరకు తగ్గించింది కంప్యూటర్. తెర మీది అక్షరాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని స్క్రీన్ రీడర్ అంటారు. యాక్సిడెంట్‌లో చూపు పోయిన అమెరికా బైక్ రేసర్ టెడ్ హెంటర్ 1989లో 'జాస్' తెచ్చాడు. బాగా పనిచేసింది గానీ పేదవాళ్లు కొనలేని ధర. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు 'ఎన్‌వీడీఏ' మొదలుపెట్టాడు. చూపు లేని మిత్రుడు జేమ్స్ టే తోడయ్యాడు. అది పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. గమనించారా? బ్రెయిలీ, హెంటర్, కరన్, టే, అందరూ చూపు లేనివాళ్లే.

అయితే పరికరం ఒక్కటే చాలదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి చూడండి. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా, చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వలేదు. కోర్టుకెళ్లి గెలిచాడు. పాఠాలు ఆడియోలో విని 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొలాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. ఆడియో పాఠం అతనికి పనికొచ్చింది, నిజమే. కానీ ముందు రూల్ మారాలి. రూల్ మారింది అడిగినందుకే.

ఇప్పుడు రూల్ మన వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. పరీక్షకు స్క్రైబ్‌ని అడగొచ్చు, గంటకు 20 నిమిషాలు అదనపు టైమ్ కూడా అడగొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ నొక్కితే 'టాక్‌బ్యాక్' ఉంటుంది. రోజూ మనం రీల్స్ చూసే ఫోనే అది.

మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మనమే. దారి తెలియకపోతే ఎంత భయంగా ఉంటుందో మనకు తెలుసు. సెలవులకు ఊరెళ్లినప్పుడు రెండు పనులు చేయండి. అలాంటి పిల్లలుంటే వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే అప్లై చేయించండి. ఒక గంట కూర్చుని టాక్‌బ్యాక్ నేర్పండి. ఆ తర్వాత ఏం చదవాలో వాళ్లనే చెప్పనివ్వండి.

జై ఆదివాసీ!